విలేకరిని స్టేషన్‌కు రమ్మన్నప్పుడు పత్రికా స్వేచ్ఛ ఎంతవరకు అక్కరకొస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీరు మండల విలేకరి. ఇసుక రీచ్‌లో రాత్రిళ్లు జరుగుతున్న తవ్వకాల మీద జిల్లా ఎడిషన్‌లో వార్త రాశారు. మర్నాడు ఎస్సై ఫోన్ చేసి ‘ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి’ అన్నారు. వాట్సాప్‌లో నోటీసు ఫొటో పెట్టి, వచ్చేటప్పుడు సెల్‌ఫోన్ కూడా అప్పజెప్పాలన్నారు. ఆఫీసు వాళ్లేమో ‘కొన్నాళ్లు ఆ ఐటెం జోలికి పోకు’ అని సలహా ఇచ్చారు. రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ ఉందంటారే, అది నాలాంటి వాడికి పనికొస్తుందా అని అడిగారు.

పనికొస్తుంది. కాకపోతే ఆలస్యంగా వస్తుంది, అదీ హైకోర్టు మెట్లు ఎక్కగలిగిన వాళ్లకే ముందు అందుతుంది. ప్రభుత్వాల ఒత్తిడి అంతా ఈ ఆలస్యం మీదే నడుస్తుంది. కోర్టులో నిలబడాలని పెట్టే కేసులు తక్కువ, తిప్పడానికి పెట్టేవే ఎక్కువ. చాలాకాలం డెస్క్‌లో, తర్వాత యూనియన్ పనుల్లో ఇలాంటి ఫైళ్లు పట్టుకుని తిరిగిన అనుభవంతో చెప్తున్నాను. మీ కేసు విషయం ముందు చూద్దాం, రాజ్యాంగం సంగతి తర్వాత.

ఫోన్‌లో పిలిస్తే పరుగెత్తాల్సిన పని లేదు. ‘నోటీసు ఇవ్వండి సార్, తప్పకుండా వస్తాను’ అని మర్యాదగా చెప్పండి. నోటీసు మీద ఏ సెక్షన్ రాశారో చూడండి. నిందితుడిగా పిలిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ (పోలీసు, కోర్టు విధానాల కొత్త చట్టం) 35(3), సాక్షిగా పిలిస్తే 179, పత్రమో వస్తువో తెమ్మంటే 94. పాత సీఆర్‌పీసీలో ఇవే 41ఏ, 160, 91. చాలా స్టేషన్లలో ఇంకా పాత నంబర్లతోనే మాట్లాడతారు, కంగారు పడకండి. విలేకరి మహిళ అయితే సాక్షిగా విచారించడానికి పోలీసులే ఆమె ఇంటికి రావాలి, స్టేషన్‌కు పిలవకూడదు.

35(3) నోటీసును వాట్సాప్‌లో పంపడం కుదరదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంతిల్ కేసులో చెప్పింది. అలాగని ఆ మెసేజ్ చూడనట్టు కూర్చోకండి. ‘వాట్సాప్‌లో వచ్చింది చూశాను, చట్ట ప్రకారం చేతికి అందజేస్తే హాజరవుతాను’ అని రెండు వాక్యాలు రాసి స్పీడ్‌పోస్టులో ఎస్సైకి పంపండి, కాపీ ఎస్పీకి పెట్టండి. నోటీసు చేతికి అందాక మాత్రం వెళ్లి తీరాలి. చెప్పిన రోజు హాజరవుతున్న మనిషిని అరెస్టు చేయాలంటే ఎందుకు చేయాల్సి వచ్చిందో పోలీసులు రాసి చూపించాలి. మీరు వెళ్లకపోతే ఆ కారణం మీరే వాళ్ల చేతికి ఇచ్చినట్టు. వెళ్లేటప్పుడు ఒక లాయర్‌ని, కుదరకపోతే ఒక తోటి విలేకరిని వెంట తీసుకెళ్లండి.

‘పరువు నష్టం కేసు కడతాం’ అని స్టేషన్‌లో ఎవరైనా బెదిరిస్తే లోలోపల నవ్వుకోవచ్చు. పరువు నష్టం, అంటే బీఎన్‌ఎస్ (నేరాలు, శిక్షల కొత్త చట్టం) 356, పోలీసులు తమంతట తాము ఎఫ్‌ఐఆర్ కట్టగలిగే నేరం కాదు. పరువు పోయిందనుకున్న మనిషి మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 223 కింద, కేసు స్వీకరించే ముందు మేజిస్ట్రేట్ మీ వాదన కూడా వినాలి. మాటకూ రాతకూ సంబంధించి మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలైతే, ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడమే సరైనదని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇవన్నీ పోలీసులకూ తెలుసు. అందుకే మండలాల్లో రాతకు సంబంధించిన సెక్షన్లు పెద్దగా వాడరు. వాడేది బీఎన్‌ఎస్ 308, అంటే బలవంతపు వసూలు. ‘వార్త రాయకుండా ఉండాలంటే లక్ష ఇమ్మన్నాడు’ అని ఇసుక కాంట్రాక్టరు మనిషి ఒక కాగితం రాసిస్తే చాలు. ఇంకొంచెం ముదిరితే బీఎన్‌ఎస్ 132, ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడి దాడి చేశారని. తహసీల్దారు ఆఫీసులో గొంతు పెంచి ప్రశ్న అడిగినందుకే ఈ సెక్షన్ పెట్టిన ఫైళ్లు చూశాను.

ఇక్కడ మన వాళ్లకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఈ వసూళ్ల ఆరోపణ అంత తేలిగ్గా అంటుకోవడానికి కారణం మన మేనేజ్‌మెంట్లే. మండల విలేకరికి జీతం ఉండదు. అచ్చయిన లైన్ల లెక్కన, లైన్ అకౌంట్ అంటూ ఇచ్చేది పెట్రోలుకు చాలదు. పైగా ఆగస్టు 15కు ఇంత, దసరాకు ఇంత, ఎమ్మెల్యే పుట్టినరోజుకు ఇంత అని యాడ్స్ టార్గెట్ పెడతారు. ఆ యాడ్ ఎవరినుంచి తేవాలి? ఊళ్లో డబ్బున్న వాళ్లెవరు? సర్పంచి, రైస్ మిల్లు ఓనరు, రేషన్ డీలరు, ఇసుక కాంట్రాక్టరు. పోయిన నెల యాడ్ కోసం వెళ్లిన గడపే ఈ నెల వార్తలోకి ఎక్కుతుంది. ‘డబ్బులు అడిగాడు’ అంటే అబద్ధమని ఎలా నిరూపిస్తారు? నిజంగానే అడిగారు కదా, యాడ్ కోసం. అన్నట్టు, నిజంగా దందాలు చేసే విలేకరులూ ఉన్నారు, వాళ్ల వల్ల మిగతా వాళ్ల మీద పెట్టిన తప్పుడు కేసులకు కూడా ఊళ్లో సానుభూతి రాదు.

మీరు ఈ కాంట్రాక్టరు దగ్గర ఎప్పుడైనా యాడ్ తీసుకున్నారా? ఈ ప్రశ్న మీ లాయర్ అడగకముందే మీరు జవాబు సిద్ధం చేసుకోండి. తీసుకుని ఉంటే రిలీజ్ ఆర్డరు (యాడ్ వేయమని ఇచ్చిన కాగితం), బిల్లు, డబ్బు ఆఫీసు అకౌంట్‌కు వెళ్లిన రుజువు తీసి పెట్టుకోండి. ఇకముందు మీ ఫోన్‌పే నంబరుకు యాడ్ డబ్బు ఒక్క రూపాయి కూడా రానివ్వకండి. వార్త రాసే ముందు అవతలి పక్షం వివరణ అడిగిన కాల్, మెసేజ్ దాచుకోండి. కోర్టులో మీ నిజాయితీకి సాక్ష్యం అదే.

ఇక సెల్‌ఫోన్. నా లెక్కలో ఇవాళ విలేకరి మీద అన్నిటికంటే పెద్ద ఒత్తిడి ఇదే, అరెస్టు కాదు. ఫోన్ పోతే మీరొక్కరే పోరు. మీకు అర్ధరాత్రి లారీ ఫొటోలు పంపిన కుర్రాడు, రికార్డు చూపించిన ఆఫీసు క్లర్కు, అందరూ పోతారు. ప్రెస్ కౌన్సిల్ చట్టం 1978లోని 15(2) ప్రకారం సమాచారం ఎవరిచ్చారో చెప్పమని కౌన్సిల్ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. కానీ ఆ రక్షణ కౌన్సిల్ ముందు వరకే. కోర్టులోనూ అలాంటి రక్షణ ఉండాలని లా కమిషన్ 1983లోనే తన 93వ నివేదికలో సిఫార్సు చేసింది. ఇప్పటికీ పార్లమెంటు దాన్ని చట్టం చేయలేదు. పెగసస్ అనే ఫోన్ నిఘా సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, సోర్సును, అంటే సమాచారం ఇచ్చిన మనిషిని, కాపాడటం పత్రికా స్వేచ్ఛలో భాగమేనని గట్టిగానే చెప్పింది. విలేకరుల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఇష్టమొచ్చినట్టు తీసుకెళ్లే అధికారం ప్రమాదకరమని, మార్గదర్శకాలు ఉండాలని 2023 నవంబరులో మళ్లీ చెప్పింది. మాట ఉంది, దాన్ని స్టేషన్ దాకా తెచ్చే పద్ధతి ఇంకా గట్టిగా లేదు.

కాబట్టి మీరు చేయగలిగింది ఇది. నోట్లో మాటగా అడిగితే ఫోన్ ఇవ్వకండి, రాతపూర్వక ఉత్తర్వు అడగండి. ఏ సమాచారం కావాలో ఆ సమాచారం వరకే ఇస్తానని, ఫోన్‌లో సోర్సుల వివరాలు ఉన్నాయని జవాబులో రాయండి. అయినా స్వాధీనం చేసుకుంటే అడ్డుపడి పెనుగులాడకండి, అది ఇంకో కేసు అవుతుంది. పంచనామా కాపీ, అందులో ఫోన్ ఐఎంఈఐ నంబరు, హాష్ వాల్యూ (తర్వాత డేటా మార్చలేదని తేల్చే అంకె) రాయించుకోండి. స్వాధీనం చేసుకోవడాన్ని ఆడియో, వీడియోగా రికార్డు చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతోంది, ఆ సంగతి గుర్తుచేయండి. పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్నది కోర్టుల్లో పూర్తిగా తేలని విషయం. దాని మీద లాయర్ లేకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇప్పుడు రాజ్యాంగం. ‘పత్రికా స్వేచ్ఛ’ అన్న మాట మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 19(1)(ఏ) పౌరులందరికీ ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛలోనే అదీ ఇమిడి ఉంది. పత్రికకు విడిగా రాయాల్సిన అవసరం లేదని, ఎడిటరైనా పౌరుడిగానే రాస్తాడని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో వివరించారు. అంటే మీకు అక్రిడిటేషన్ కార్డు ఉన్నా లేకపోయినా హక్కు ఒకటే. ఆ కార్డు బస్సు పాసుకు పనికొస్తుంది, సెక్రటేరియట్ గేటు దగ్గర పనికొస్తుంది. కేసులో అది కవచం కాదు. లేకపోవడం లోటూ కాదు. ‘నువ్వసలు జర్నలిస్టువేనా, కార్డు చూపించు’ అని స్టేషన్‌లో అడిగితే తడబడకండి.

కోర్టులు మొదటినుంచీ పత్రికల వైపే ఎక్కువగా నిలబడ్డాయి. ‘క్రాస్‌రోడ్స్’ పత్రికను తమ రాష్ట్రంలోకి రానివ్వబోమని మద్రాసు ప్రభుత్వం నిషేధిస్తే, 1950లో రొమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాదే, 1951లో, మొదటి రాజ్యాంగ సవరణతో ప్రభుత్వం, ఈ స్వేచ్ఛకు పరిమితులు పెట్టే 19(2)లోకి ‘పబ్లిక్ ఆర్డర్’ను చేర్చుకుంది. పేజీల సంఖ్యను బట్టి ధర ఉండాలన్న చట్టాన్ని 1961లో సకాల్ పేపర్స్ కేసులో కొట్టేశారు. పది పేజీలు దాటకూడదన్న న్యూస్‌ప్రింట్ విధానాన్ని 1972లో బెనెట్ కోల్‌మన్ కేసులో కొట్టేశారు. 1994లో, హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు మీరు తప్పక తెలుసుకోవాలి. అచ్చు కాకముందే ఆపే అధికారం అధికారులకు లేదని, తన పరువు పోయిందంటూ ప్రభుత్వం నష్టపరిహారం దావా వేయలేదని అందులో ఉంది.

ఇన్ని తీర్పులు ఉండగా ఒత్తిడి ఎలా సాగుతోందంటారా? తీర్పులన్నీ నిషేధాల మీద వచ్చాయి. ఒత్తిడి నిషేధంగా రావడం మానేసి చాలాకాలమైంది. ఎమర్జెన్సీ పెట్టిన 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీ బహదూర్ షా జఫర్ మార్గ్‌లో పత్రికాఫీసులకు కరెంటు తీసేశారు. అది ఎవరికైనా కనిపించే పని. ఇప్పుడు మన తెలుగు రాష్ట్రాల్లో జరిగేది చూడండి. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే, టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఆ రాష్ట్రంలో కేబుల్ నుంచి మాయమయ్యాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కేబుల్ సంస్థ ఫైబర్‌నెట్‌లో ఏబీఎన్, టీవీ5 వంతు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక అదే రాష్ట్రంలో టీవీ9, ఎన్‌టీవీ, సాక్షి టీవీల వంతు. టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ప్రసారాలు పునరుద్ధరించమని ఆదేశం తెచ్చుకుంది. మూడు సందర్భాలు, మూడు వేర్వేరు ప్రభుత్వాలు. సంతకం పెట్టిన నిషేధ ఉత్తర్వు అంటూ ఉండదు. ‘అది ఎంఎస్‌వోల (కేబుల్ సంస్థల) సొంత నిర్ణయం, మాకేం సంబంధం’ అంటారు. కొట్టేయమని కోర్టును అడగాలంటే ముందు కొట్టేయడానికో కాగితం ఉండాలి కదా. అది లేకపోవడమే ఇందులో తెలివి.

యాడ్స్ కూడా ఇదే దారి. ఫలానా పత్రికకు ప్రకటనలు ఇవ్వొద్దని ఎవరూ జీవో తీయరు, రిలీజ్ ఆర్డర్లు రావడం ఆగిపోతుందంతే. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్లకు పత్రిక కొనుక్కోమని నెలకు 200 రూపాయలు ఇచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన పత్రిక సర్క్యులేషన్ పెంచడానికే ఇది అని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ప్రజల డబ్బుతో ఒక పత్రికను పెంచడం, ఇంకోదాన్ని ఎండగట్టడం అన్నీ నిబంధనల భాషలోనే జరిగిపోతాయి.

బహిరంగంగా ఉత్తర్వే ఇచ్చిన సందర్భాలు లేకపోలేదు. తప్పుడు వార్తలంటూ పత్రికల మీద చర్యలు తీసుకునే అధికారం అధికారులకిస్తూ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవో 938 వచ్చింది, గోల జరిగి ఆగింది. 2019లో అదే ఆలోచన జీవో 2430గా మళ్లీ వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, శాసనమండలిలో గొడవకు ‘పెద్దల గలభా’ అని 1983లో ఈనాడు హెడ్డింగ్ పెడితే, మండలి దాన్ని హక్కుల ఉల్లంఘన అని ఎడిటర్‌ని పిలిపించాలని చూసింది. సుప్రీంకోర్టు అడ్డుపడింది. ఆ మండలి 1985లో రద్దయింది. ఆ హెడ్డింగ్ మాత్రం మన డెస్కుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పెద్ద సెక్షన్ల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఇసుక వార్తకు అవి రావని నా అంచనా. రాజద్రోహం తెలుగు పత్రికలకు కొత్త కాదు, 1908లోనే ‘స్వరాజ్య’ ఎడిటర్ గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ సెక్షన్ కింద జైలుకెళ్లారు. 2021లో ఏబీఎన్, టీవీ5ల మీద అదే సెక్షన్ పెడితే సుప్రీంకోర్టు చర్యలు ఆపింది. 2022 మేలో ఆ సెక్షన్‌నే పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్ 152గా దాదాపు అదే సరుకు వేరే మాటల్లో వచ్చింది. 2025 జూన్‌లో సాక్షి టీవీ యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును, చర్చలో అతిథి అన్న మాటకు అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు నాలుగైదు రోజుల్లో విడుదల చేయమంది. అత్యాచార ఘటన మీద రాయడానికి ఉత్తరప్రదేశ్‌లోని హత్రాస్ వెళ్తూ 2020 అక్టోబరులో అరెస్టయిన కేరళ విలేకరి సిద్దిఖ్ కప్పన్‌కు మాత్రం సుప్రీంకోర్టు బెయిలు 2022 సెప్టెంబరులో వచ్చింది, బయటికొచ్చింది 2023 ఫిబ్రవరిలో. ఒకరికి రోజులు, ఇంకొకరికి రెండేళ్లకు పైగా. సెక్షన్‌ను బట్టి, లాయర్‌ను బట్టి, వార్త ఎంత పెద్దదైందన్న దాన్ని బట్టి తేడా. ప్రపంచ పత్రికా స్వేచ్ఛ సూచీలో 2025లో 180 దేశాల్లో మనది 151వ స్థానం. ఆ ర్యాంకు మీద టీవీల్లో చర్చలు పెడతారు గానీ, మండల విలేకరికి దాంతో ఒరిగేది ఏమీ లేదు.

ఒత్తిడి ఎప్పుడూ బెదిరింపు రూపంలోనే ఉండదు. ఇళ్ల స్థలాలనే తీసుకోండి. హైదరాబాద్‌లో ఎమ్మెల్యేలకు, ఎంపీలకు, అధికారులకు, జడ్జీలకు, జర్నలిస్టులకు సొసైటీల పేరుతో ఇచ్చిన స్థలాల కేటాయింపుల్ని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. జీతం లేని మనిషికి స్థలం ఆశ ఉండటం తప్పని నేను అనను, యూనియన్‌లో నేనూ ఆ దరఖాస్తులు పట్టుకుని తిరిగినవాడినే. కానీ పట్టా కోసం ఏళ్ల తరబడి ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడే మనిషి ఆ ఎమ్మెల్యే అనుచరుడి ఇసుక మీద ఎలా రాస్తాడు?

మీ ఆఫీసు ‘కొన్నాళ్లు ఆగు’ అన్నదాని గురించి. వాళ్లను తిట్టుకోకండి, అలాగని ఊరికే తలాడించకండి కూడా. ఎడిషన్ ఇన్‌ఛార్జికి మెయిల్ పెట్టండి: వార్త ఫలానా తేదీన డెస్క్ చూసి వేసింది, నోటీసు వచ్చింది, లీగల్ సాయం కావాలి అని. కేసు ముదిరాక ‘అతను మా ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్ మాత్రమే’ అని చేతులు దులుపుకున్న మేనేజ్‌మెంట్లను చూశాను. మీ దగ్గర అపాయింట్‌మెంట్ లెటర్ లేకపోయినా, ఐడీ కార్డు, బైలైన్ ఉన్న క్లిప్పింగులు, లైన్ అకౌంట్ జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంటు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టండి. ప్రెస్ కౌన్సిల్‌కు కూడా ఫిర్యాదు పంపండి. వాళ్లకు ఎవరినీ శిక్షించే అధికారం లేదు. అయినా పంపిన తేదీ మీ ఫైల్లో ఉంటే, ఎఫ్‌ఐఆర్ కొట్టేయమని బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద హైకోర్టుకు వెళ్లినప్పుడు, వేధింపు ఎప్పటినుంచి మొదలైందో చూపించడానికి అక్కరకొస్తుంది.

ఇసుక వార్తలు రాసేటప్పుడు ప్రాణాల సంగతి కూడా చూసుకోండి. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో విలేకరి ముకేశ్ చంద్రాకర్‌ను చంపి సెప్టిక్ ట్యాంకులో పడేసింది ఒక రోడ్డు కాంట్రాక్టు వార్త దగ్గరే. రీచ్ దగ్గరికి రాత్రిపూట ఒంటరిగా వెళ్లకండి. వేరే పత్రికల ఇద్దరు ముగ్గురు విలేకరులతో కలిసి వెళ్లి, అందరూ ఒకే రోజు వార్త వేయండి. పోటీ పత్రిక అయినా సరే. ఒకరి మీద కేసు పెట్టడం తేలిక. ఒకే వార్తకు నలుగురి మీద పెడితే ఎస్పీ కూడా ఆలోచిస్తారు.

రెండో వార్తను కాగితాలతో మొదలుపెట్టండి. గనుల శాఖకు ఆర్‌టీఐ వేసి, ఆ రీచ్‌కు ఎన్ని టన్నులకు అనుమతి ఇచ్చారు, నెలవారీగా ఎన్ని వే బిల్లులు (ఇసుక రవాణా చీటీలు) జారీ చేశారు, తనిఖీలు ఏ తేదీల్లో జరిగాయి అని అడగండి. మనుషుల పేర్లు అడగకండి. డేటా రక్షణ చట్టం ద్వారా ఆర్‌టీఐలోని 8(1)(జే)ని మార్చారు, 2025 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటతో అర్జీ తిప్పి పంపేస్తారు. టన్నులకు, తేదీలకు, సర్వే నంబర్లకు ఆ సాకు చెల్లదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి, ఈలోపు వే బిల్లుల సంఖ్యతో పోల్చుకోవడానికి రోజుకు ఎన్ని లారీలు వెళ్తున్నాయో లెక్క రాసుకోండి.